మా అత్తగారి అరుగు

మృగశిర కార్తె

మరలు బాగుచేసే ప్రతి మనిషీ కార్తెకొకసారి నమోదు రాయాలని రెక్కలషెడ్డులో నిబంధన ఉంది. ఈ నమోదులు ఎవరూ చదవరని నాకు తెలుసు. నిరుడు కోపంలో ఒక పుటంతా కాలనీ పెద్దల్ని తిట్టి పెట్టాను, ఒక్కరూ కిక్కురుమనలేదు. అందుకని ఈ ఏడు మరింత ధైర్యంగా రాస్తున్నాను.

నా పేరు కస్తూరి. మెట్టకాలనీ, మూడో వీధి. పెరళ్ళలో పూలమీద తిరిగే మరతుమ్మెదలకు వైద్యం నాది. మా వీధికి మిగిలినవి పదే. అందులో బుద్ధిగా ఎగిరేవి సగం. మిగతా సగం ఎటు పోతాయో వాటికే తెలియదు. నిన్న ఒకటి హనుమక్క ఆరేసిన పూలచీర మీద వాలి, పూటంతా ఆ అచ్చు పువ్వులతోనే కాపురం చేసింది. కొత్త మోటార్లు రావు. వాటిని చేసే ఊళ్ళు సముద్రం కిందకి పోయి చాలాకాలమైంది. రెండింటిని విప్పి ఒకదాన్ని బతికిస్తున్నాను. ఇలా విప్పుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుందో చెప్పడానికి షెడ్డులో ఉద్యోగం చేయనక్కర్లేదు.

వంగపువ్వు మొండిది. పుప్పొడిని సన్నటి గొట్టాల్లో దాచుకుంటుంది, ఎవరో పట్టుకుని గుయ్యిమని కుదిపితే తప్ప విదల్చదు. ఒకప్పుడు గాలి కొంత కుదిపేదట. ఎండ తట్టుకోలేక వీధంతా పరదాలు కట్టుకున్నాం, వాటి కింద ఆకు కూడా కదలదు. టమాటాదీ అదే తీరు. మా వీధిలో కూర అంటే ఈ రెండే. మరలు ఆగిపోతే పూలు పూస్తాయి, రాలతాయి, మేం చూస్తూ కూర్చుంటాం.

ఇంట్లో నేనూ, మా అత్తగారు సామ్రాజ్యమ్మా ఉంటాం. మా ఆయన వానలు వెనకబట్టేదాకా కాలవ పనిలో ఉంటాడు. దివిసీమలో వాళ్ళ ఊరు మునిగాక అత్తగారు ఈ మెట్టకు వచ్చింది. మూడేళ్ళుగా ఆవిడకు చూపు లేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. పొయ్యి దగ్గరకు వద్దన్నాం. కత్తిపీట దాచేశాం. పెరట్లో పూలపని నేను తీసుకున్నాను. ఆవిడకు మిగిలింది వీధి అరుగు ఒక్కటే.

కాంక్రీటు ఇళ్ళలో మనుషులు ఉడికిపోతున్నారని కాలనీలో అందరికీ మట్టి ఇళ్ళే కట్టారు. ఆ మట్టి అరుగును శుక్రవారం శుక్రవారం ఎర్రమన్నూ పేడా కలిపి మా అత్తగారు అలుకుతుంది. కంటితో పని లేదు, అరచేతితోనే చూసుకుంటుంది. అలకడం అయ్యాక వీధిలో ఎవరో ఒకరు "అద్దంలా ఉందమ్మా" అనేదాకా లోపలికి రాదు. ఎవరూ అనకపోతే నేను గొంతు మార్చి అంటాను. ఆవిడకు ఆ సంగతి తెలుసనే నా అనుమానం.

ఆరుద్ర కార్తె

పొద్దున్నే పక్కింటి హనుమక్క గోడవతల నుంచి కేకేసింది. వాళ్ళది అనంతపురం వైపు, మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు.

"కస్తూరీ, బిరిన రా మే! నీ మర ఒగటి రంగు మార్చుకోని తిరుగుతాండాది!"

ఏ మోటారు కాలిందో అనుకుంటూ పరిగెత్తాను. వంగచెట్టు మీద ఉన్నది నా మర కాదు. నల్లటి ఒంటి మీద మెరిసే నీలిపట్టీలు. పువ్వును కాళ్ళతో వాటేసుకుని, రెక్కలు ఆపి, ఒళ్ళంతా గుయ్యిమనిపించింది. పువ్వు వణికింది. పుప్పొడి దాని పొట్ట మీద రాలింది. మరో పువ్వుకు పోయింది, మళ్ళీ అదే.

బతికున్న తేనెటీగను నేను చూడటం అదే మొదలు. నా జీతమంతా దానికి నకళ్ళు బాగుచేసినందుకే వస్తోంది, అసలుదాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

"కుడుతాదా?" అంది హనుమక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"మీరు పట్టుకుంటే కుడుతుంది."

"నేనెందుకు పట్టుకుంటా? నాకేమి పిచ్చా?" అంది. అని, అది ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడింది.

పునర్వసు కార్తె

మరలు ఎలాగూ పోతాయి. ఆ నీలిపట్టీలది మా పెరట్లో ఉండిపోతే మా వీధి బతుకుతుంది. నా ఆలోచనంతా ఇప్పుడు ఇదే.

చుట్టాలను ఉంచుకోవాలంటే ముందు భోజనం పెట్టాలి కదా. తులసిని కోయకుండా వెన్ను వేయనిచ్చాను. నువ్వులు చల్లాను. తుమ్మి, గడ్డిచామంతి వాటంతట అవి మొలిస్తే పీకకుండా వదిలేశాను. వెడల్పాటి మూకుడులో నీళ్ళు పోసి, అవి మునిగిపోకుండా నిలబడటానికి గులకరాళ్ళు వేశాను.

మా అత్తగారు పెరట్లోకి వచ్చి చేతులతో తడిమి చూసింది.

"ఇదేంటే, పెరడా అడివా? కాళ్ళకు గడ్డి తగులుతోంది."

"తేనెటీగల కోసం అత్తయ్యా."

"మా ఊళ్ళో గడ్డి పెరిగితే ఆ ఇంట్లో ఆడది లేదనుకునేవాళ్ళు" అని లోపలికి పోయింది. తులసి దగ్గర మాత్రం కాసేపు ఆగి వాసన చూసింది, అది నేను గమనించాను.

పుష్యమి కార్తె

వస్తున్నాయి! తులసి వెన్నుల మీద పొద్దుటి నుంచీ ఒకటే గుయ్యి. సాయంత్రమయ్యేసరికి మగవి ఎండుపుల్లలను నోటితో కరిచి పట్టుకుని, గాలిలో ఒళ్ళు వేలాడేసి నిద్రపోతాయి. మంచం లేదు, పక్కా లేదు. మా ఆయన కాలవగట్టు మీద పడుకునే తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కానీ అవి ఉండటం లేదు. మగవి పుల్లలు పట్టుకుని ఎక్కడైనా పడుకుంటాయి. ఆడవి గూడు కట్టుకుంటేనే ఇక్కడ సంసారం ఉన్నట్టు. ఆడవి వస్తాయి, పూలమీద తిరుగుతాయి, ఇంటి ముందువైపు వెళ్ళి కాసేపు తచ్చాడతాయి, నాలుగు రోజులకు కనపడకుండా పోతాయి. మళ్ళీ ఇంకెవరో కొత్తవి వస్తాయి.

మరొక మర ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల పనికొచ్చేది ఏమీ లేదు.

మఖ కార్తె

ఎగిరే మరలు మూడు. వీధికి అవి చాలవు కనుక హనుమక్క భర్త గడ్డం గీసుకునే మిషను అడిగి తెచ్చాను. అది కూడా గుయ్యిమంటుంది కదా, పువ్వు కాడకు ఆనిస్తే పుప్పొడి రాలుతుంది. ఒక్కో పువ్వుకూ వంగాలి. మా పెరడు అయ్యేసరికి నా నడుము పోయింది, పక్కవాళ్ళ పెరడు అయ్యేసరికి మిషను ఛార్జింగు పోయింది. వీధంతా ఇలా చేయాలంటే నేను ఇద్దరు మనుషుల్ని కావాలి.

"మా ఆయప్ప మొగం సూసి సంటిబిడ్డలు ఏడుస్తాండారు. మిషను ఎప్పుడిస్తావు తల్లీ?" అని హనుమక్క రోజూ అడుగుతోంది.

గూళ్ళ కోసం బొంగు వెదురు ముక్కలు కోసి చూరుకు కట్టాను. ఆముదపు కాడలు కట్టలు కట్టి పెట్టాను. సాలీళ్ళు చేరాయి. నీలిపట్టీలవి కనీసం తొంగి చూడలేదు. నాకు వాటిమీద కోపం వచ్చింది. ఇంతకంటే ఏం చేయాలి, పట్టుబట్టలు పెట్టి పిలవాలా?

శుక్రవారం అరుగు అలుకుతూ మా అత్తగారు గొణిగింది. "ఏం చీమలో పాడో, వారం వారం కన్నాలు పెడుతున్నయ్యే. వేలు దూర్చి మట్టి కుక్కుతున్నా. మళ్ళీ వచ్చేవారానికి పక్కన ఇంకోటి పెడుతున్నయ్యి."

నేను చేతిలో మోటారు పెట్టుకుని "ఊఁ" అన్నాను.

పుబ్బ కార్తె

అత్తగారికి జ్వరం. కాలనీ డాక్టరమ్మ వచ్చి మందిచ్చింది, లేవకూడదంది. రెండు శుక్రవారాలు అరుగు అలకలేదు. జ్వరంలో కూడా ఆవిడ చెయ్యి మంచం పట్టె మీద అటూ ఇటూ పోతూనే ఉంది, అలుకుతున్నట్టు.

నేను ఆవిడ దగ్గరే ఉన్నాను. పెరటి ముఖం చూడలేదు. మరలను ఎగరేయడం కూడా హనుమక్కకే అప్పగించాను. ఆవిడ భయపడుతూ భయపడుతూ ఎగరేసింది, ఒకటి వెళ్ళి నీళ్ళతొట్టిలో పడింది, ఇంకొకటి తిరిగి రాలేదు.

ఉత్తర కార్తె, బుధవారం

జ్వరం తగ్గింది. పొద్దున అత్తగారు జావ తాగి నిద్రపోయాక అరుగు మీద కూర్చున్నాను. పక్కనే గుయ్యిమని వినిపించింది. చూరులో వెతికాను, గుమ్మం మీద వెతికాను. చివరికి అది నేను కూర్చున్న అరుగులోంచే అని తెలిసింది.

వంగి చూస్తే అరుగు ముఖాన చిటికెనవేలు పట్టేంత కన్నాలు. ఒకదాంట్లోంచి నీలిపట్టీలది వెనక్కి వెనక్కి వస్తూ మట్టి తోడుతోంది. ఇంకొకటి కాళ్ళనిండా పుప్పొడితో వచ్చి, తన గుమ్మం వెతుక్కుని లోపలికి దూరింది. కొన్ని కన్నాలకు మూతలు పడ్డాయి కూడా. అంటే లోపల గుడ్డు పెట్టి, మేత పెట్టి, తలుపు వేసేశాయి. ఆ పిల్లలు వచ్చే ఎండల చివర బయటికి వస్తాయి.

నాకు సంతోషంతో కేక పెట్టాలనిపించింది. హనుమక్కను పిలిచాను. ఆవిడ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "మన ఈదిలో కూడా కాపురం పెట్టినాయి సూడు" అంది. ఆమె పెరట్లో వంగచెట్లకు పిందెలు పడ్డాయట, మరలు వాలని కొమ్మలకు కూడా. చెప్తూ నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత నాకు అర్థమైంది. అవి ఇన్నాళ్ళూ ఉండకపోవడం కాదు. మొదటి నుంచీ వాటికి నచ్చిన చోటు ఇదే. ఎండ తగలని, వాన తడపని, ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి పిసికి మెత్తిన మట్టి. శనివారం తవ్వడం మొదలుపెట్టేవి. శుక్రవారానికి మా అత్తగారు వేలు దూర్చి కుక్కేసేది. ఒక్కోసారి తల్లి లోపల ఉండగానే అయ్యుంటుంది. ఆవిడ నాకు చెప్పింది కూడా. నేను ఊఁ అన్నాను.

సాయంత్రం చివరి మర వంగచెట్టు కింద పడిపోయింది. తీసి తుడిచి గోడగూట్లో పెట్టాను. వచ్చే ఏడు మా వీధి కూరంతా ఇప్పుడు ఆ అరుగులో ఉంది.

లోపలికి రాగానే అత్తగారు లేచి కూర్చుని ఉంది. మొహం తేటపడింది.

"ఎల్లుండి శుక్రవారమేగా? మట్టి నానబెట్టవే. రెండు వారాలయ్యింది, అరుగు ఎట్టా అయ్యిందో ఏమో."

నేను జావగిన్నె తీసుకుని పెరట్లోకి పోయాను.

ఉత్తర కార్తె, గురువారం

చెప్పాను. మంచిగా చెప్పాలనే మొదలుపెట్టాను. మరలన్నీ పోయిన సంగతి, గూళ్ళ సంగతి, మూతలు పడ్డ కన్నాల సంగతి చెప్పాను. ఆవిడ తల వంచుకుని అంతా వింది.

"అంటే నేను అరుగు ముట్టుకోకూడదు."

"కొన్నాళ్ళే అత్తయ్యా."

"ఎన్నాళ్ళు?"

"ఎండలు పోయేదాకా. ఆ పిల్లలు వచ్చేదాకా."

"అప్పటిదాకా నేనుంటానటే?"

"అదేం మాట?"

"పొయ్యి వద్దన్నావు, సరేనన్నా. కత్తిపీట ఎక్కడ దాచావో కూడా నాకు తెలుసు, అడగలా. పూలు ముట్టుకుంటే రాలిపోతయ్యన్నావు, మానుకున్నా. శుక్రవారం వచ్చిద్దని వారమంతా కూర్చుంటానే నేను. అదీ తీసుకుంటావా? ఒక పురుగు కోసం?"

అప్పుడే నా నోరు జారింది. కోపం వస్తే నాకు ముందూ వెనకా ఉండదు. "ఆ పురుగుల మీదే మీరు ఇన్నాళ్ళూ మట్టి కుక్కారు. లోపల ప్రాణంతో ఉండగా" అన్నాను.

ఆవిడ తన కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో పట్టుకుంది. మధ్యాహ్నం అన్నం పెడితే కంచం పక్కకు జరిపింది. నిజమే కావచ్చు, కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని చూస్తుంటే నాకు నామీద అసహ్యం వేసింది.

హనుమక్క సంగతి విని, "రేపు పొద్దున నేనొచ్చి అరుగుకు అడ్డం కూసుంటా. నా మింద అలుకుతాదా ఏమి?" అంది. నవ్వించడానికే అంది, నాకు నవ్వు రాలేదు.

దీపాలవేళ అత్తగారు ఒకే మాట అంది. "మట్టి నానబెట్టావా?"

బకెట్టు దాచేయొచ్చు. ఎర్రమన్ను అయిపోయిందని చెప్పొచ్చు, ఆవిడకు కనపడదు. ఆ రెండూ చేయలేకపోయాను. కనపడని మనిషికి అబద్ధం చెప్పి ఆవిడ చివరి పని లాక్కుంటే, ఆ తర్వాత వంకాయలు కాసినా నాకు గొంతు దిగవు. కానీ రేపు ఆవిడ చెయ్యి ఆ మూతల మీద పడితే, వీధిలో అందరికీ ఏం చెప్పాలో నాకు తెలియదు.

మన్ను నానబెట్టాను.

ఉత్తర కార్తె, శుక్రవారం

తెల్లవారగానే ఆవిడ స్నానం చేసి, కొంగు నడుముకు దోపుకుని, మట్టి బకెట్టు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని అరుగు దగ్గరకు వచ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. హనుమక్క తన గుమ్మంలో నిలబడింది, నోటి మీద చెయ్యి తీయలేదు. అడ్డం కూర్చుంటానన్న మనిషి అడుగు ముందుకు వేయలేదు.

ఎప్పటిలాగే తూర్పు కొస నుంచి మొదలుపెట్టింది. అక్కడ గూళ్ళు లేవు. మట్టి ముద్ద తీసి, పరిచి, అరచేతిని అర్ధచంద్రంగా తిప్పుకుంటూ వచ్చింది. రెండు వారాల బీటలు ఆ చేతి కింద మూసుకుపోతున్నాయి. నడుము వంగిపోయిన ఆవిడ పని చేస్తుంటే ఎంత అందంగా ఉంటుందో నేను మరిచిపోయాను.

చెయ్యి గూళ్ళ దగ్గరకు వచ్చింది.

చెయ్యి ఆగింది.

తడిచెయ్యి చీరకు తుడుచుకుని, పొడివేలితో అక్కడ మళ్ళీ తడిమింది. మెల్లగా, గుండ్రంగా. వేలు ఒక మూత మీద తిరిగింది, పక్కకు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చాలాసేపు అక్కడే ఉంది. వంగి వాసన చూసింది.

"ఇది నా చెయ్యి కాదే" అంది.

నేను మెట్టు దిగాను.

"నేను పడుకున్నప్పుడు నువ్వేమన్నా అలికావా?"

"లేదు అత్తయ్యా."

"నువ్వయితే ఇట్టా రాదులే. నీ అలుకుడు నాకు తెలియదా." మళ్ళీ తడిమింది. "చూడు, అంచు ఎక్కడుందో తెలియట్లా. గోరంత చోటు. మధ్యలో కొంచెం లోతు పెట్టి చుట్టూ ఎట్టా కలిపేసిందో. ఇది ఆ పురుగే వేసిందా?"

"అదే వేసింది."

"మట్టి ఎక్కడ తెచ్చింది?"

"మీ మట్టే. తవ్విందే తిరిగి మెత్తుకుంది."

"నీళ్ళు?"

"నోటితో తడుపుకుంటుంది."

ఆవిడ పక్కనున్న ఇంకో మూత వెతికి పట్టుకుంది. ఆ తర్వాత ఇంకోటి. ఒక్కోదాని దగ్గరా ఆగి, ఏదో ఒకటి అంటూనే ఉంది. ఇది తొందర్లో వేసినట్టుంది. ఇది బాగా పిసికింది. ఇది పెద్దదాని చెయ్యి. తెరిచి ఉన్న కన్నం దగ్గర వేలు పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది. లోపలి నుంచి గుయ్యిమంది. ఆవిడ ఆ వేలు గుండెకు ఆనించుకుంది.

"నేనెన్ని కుక్కానో" అంది.

"మీకు తెలియదు అత్తయ్యా. మీరు చెప్పినప్పుడు వినిపించుకోనిది నేను."

ఆవిడ బకెట్టు అంచుకు చెయ్యి ఆనించి, వేళ్ళకు అంటిన మట్టినంతా ఒక్కో వేలూ గీసి బకెట్టులోకి వేసింది. అలుకు తూర్పు కొస నుంచి అరుగు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ చేతిలో పని సగంలో ఆగడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఒకళ్ళు ఇంత బాగా అలికి పెట్టుకున్నాక, దాని మీద మళ్ళీ మనం చెయ్యేస్తే ఏమనుకుంటారే? బాలేదన్నట్టేగా. మా అత్తగారు అట్టా చేసేది నా పని మీద. ఎంత ఏడ్చేదాన్నో నీకు తెలియదు" అంది.

హనుమక్క వీధిలోకి వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో, కళ్ళు తుడుచుకుంటోంది. "అద్దం మాదిరి ఉండాది పెద్దమ్మా" అంది.

"నన్ను కాదే, దాన్ని అను" అంది మా అత్తగారు.

తర్వాత కింద మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నీలిపట్టీలది ఒకటి పుప్పొడి మోసుకొచ్చి మా ఇద్దరి తలల మధ్య నుంచి అరుగులోకి పోయింది. ఆవిడ ఆ చప్పుడు వెంట తల తిప్పింది.

"పాపం, దాని చేతులు ఎంతుంటయ్యే?"

"చేతులుండవు అత్తయ్యా. కాళ్ళతోనూ నోటితోనూ చేసుకుంటుంది."

ఆవిడ తన రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. గీతల్లో ఎర్రమన్ను ఇంకా ఉంది. "చెంబుతో నీళ్ళు పొయ్యవే, కడుక్కుంటాను" అంది.

పోశాను. ఆవిడ ఒక్కో వేలూ రుద్దుకుంటూ తీరిగ్గా కడుక్కుంది. నీళ్ళు పోస్తున్నంతసేపూ నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ విని, తడిచెయ్యి నా మోకాలి మీద వేసి ఉంచింది.